కోడె ఎప్పుడు ఎద్దు కావాలి?

(రచ్చబండ దగ్గర పదిమందికీ చదివి వినిపించే ప్రసంగం)



ఈ పూట ప్రసంగం కోడెదూడ గురించి. కోడెకు విత్తులు ఎప్పుడు కొట్టించాలి? ఎవరి చేత కొట్టించాలి? అసలు కొట్టించాలా, వద్దా? నలుగురిలో మాట్లాడటానికి ఇది సిగ్గుపడే సంగతి అని కొందరు అనుకుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంటికి అన్నం పెట్టే జీవం సంగతి ఇది. ఆడవాళ్ళు కూడా వినాలి. దూడను పెంచేది వాళ్ళే. కుడితి పెట్టేది, పేడ తీసేది, దూడ మేత మేసిందా లేదా చూసేది వాళ్ళే.

ప్రకాశం జిల్లాలో నల్లరేగడి నేలలున్న ఊరు ఒకటి అనుకోండి. ఆ ఊళ్ళో నాలుగెకరాల రైతు ఒకడు. ఇంట్లో అతను, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తండ్రి. ఒక ఒంగోలు ఆవు ఉంది. దానికొక కోడెదూడ. పాత ఎద్దు ఒకటి ఉంది. దాని జోడు ఎద్దు పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి దుక్కికి ట్రాక్టరు బాడుగకు తెస్తున్నారు. బండికి, గుంటకకు మాత్రం ఎద్దులు కావాలి. సాలు మధ్య గుంటక తోలాలంటే చిన్న రైతుకు ఇప్పటికీ ఎద్దులే వాటం. జత ఎద్దుల్ని సంతలో కొనే తాహతు వాళ్ళకు లేదు. ఆశంతా ఈ కోడె మీదే.

కోడె బాగా పెరిగింది. తెల్లటి ఒళ్ళు, నల్లటి కళ్ళు, నిటారు చెవులు. దాంతోపాటే పొగరూ పెరిగింది. పుష్యమాసంలో ఒక రోజు పలుపు తెంపుకుంది. పక్క చేలో శనగ తొక్కింది. అంతటితో ఊరుకోలేదు. ఆ ఆసామి లేత పెయ్య మీదికి ఎక్కింది. ఆసామి కర్ర పట్టుకుని ఇంటి మీదికి వచ్చాడు.

‘‘మా పెయ్యకు ఇంకా ఏడాదిన్నర నిండలా. ఇప్పుడే చూలు కడితే ఈనలేక చస్తది. అప్పుడు నువ్విస్తావా పెయ్యను?’’ అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. ఒళ్ళు కుదరని పెయ్య చూలు కడితే ఈతలో కష్టం. దూడ అడ్డం తిరిగినా, పెద్దదైనా, తల్లీ దూడా రెండూ పోవచ్చు.

రైతుకు తల కొట్టేసినట్లయింది. ‘‘రేపే విత్తులు కొట్టిస్తా. దీని పొగరు అణుగుద్ది’’ అన్నాడు.

ముసలాయన ఒప్పుకోలేదు. ‘‘ఏందిరా రేపే? నాలుగు పళ్ళు రావాలి. మెడ కుదరాలి. అప్పుడే కొట్టించాలి. మా నాయన అట్టాగే చేసేవాడు’’ అన్నాడు.

‘‘అప్పటిదాకా ఊరోళ్ళ చేత మాటలు పడేదెవరు?’’

‘‘అయినా దీనికి రెండేళ్ళు దాటినయ్ లే. ఇంకొక్క ఏడు ఓర్చుకో.’’

కోడలు అప్పటిదాకా మాట్లాడలేదు. లోపలికి పోయి ఒక నోటుపుస్తకం తెచ్చింది. రాత్రిబడిలో చదువుకున్నప్పటి పుస్తకం అది. వెనక పేజీల్లో పాల లెక్క, చాకలి లెక్క, అప్పుల లెక్క రాసుకుంటుంది. ఒక పేజీలో ఆవు ఈనిన రోజు రాసి ఉంది.

‘‘రెండేళ్ళు కాదు మామా. కార్తీక పున్నమి మర్నాడు పుట్టింది. పోయిన కార్తీకానికి ఏడాది నిండింది. ఇప్పటికి పధ్నాలుగు నెలలు’’ అంది.

మామ నమ్మలేదు. కోడె ఒళ్ళు చూస్తే రెండేళ్ళ దానిలాగే ఉంది. తల్లి పాలు బాగా తాగింది కాబట్టి అలా పెరిగింది. ఒంటి పెరుగుదల చూసి వయసు చెబితే ఇలాగే పొరబాటు పడతారు. మేత బాగా దొరికిన దూడ వయసుకు మించి కనిపిస్తుంది. మేత లేని దూడ మూడేళ్ళకు కూడా ఏడాది దూడలా ఉంటుంది.

మరి వయసు ఎలా తెలుస్తుంది? రాసి పెట్టుకుంటే అన్నిటికన్నా మంచిది. రాసి లేకపోతే నోరు చూడాలి. పశువుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. కింది దవడలోనే ఎనిమిది ముందు పళ్ళు ఉంటాయి. మొదట వచ్చేవి పాలపళ్ళు. చిన్నగా, తెల్లగా ఉంటాయి. తరవాత నడిమి రెండూ ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్ళు రెండు వస్తాయి. దాన్నే రెండు పళ్ళ కోడె అంటారు. నాటు పశువుల్లో ఇది ఇంచుమించు రెండు, రెండున్నర ఏళ్ళకు జరుగుతుంది. మూడేళ్ళ దగ్గర నాలుగు పళ్ళు. నాలుగేళ్ళకు కాస్త అటూ ఇటూగా ఆరు పళ్ళు. ఐదేళ్ళ దగ్గరికి ఎనిమిదీ వచ్చి నోరు నిండుతుంది. ఎడ్ల బండలాగుడు పందేల్లో పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత అని వేరు వేరుగా దించేది ఈ లెక్కతోనే.

ముసలాయన కోడె పెదవి పట్టి నోరు తెరిచి చూశాడు. అన్నీ పాలపళ్ళే! కోడలి పుస్తకమే గెలిచింది. ఆయన మాత్రం ‘‘చూస్తివా, నే చెప్పలా, ఇంకా టైముంది’’ అన్నాడు. పెద్దవాళ్ళ ఓటమి ఇలాగే ఉంటుంది.

రైతు తొందరకు ఒక కారణం ఉంది. ముసలాయన జంకుకూ ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఆ ఇంట్లో మరో కోడె ఉండేది. ఊరూరా తిరిగే మనిషి ఒకడు వచ్చి దానికి విత్తులు కొట్టాడు. పశువును పడేసి కాళ్ళు కట్టాడు. విత్తుల్ని రెండు కర్రల మధ్య బిగించి రాయితో నలగ్గొట్టాడు. కోడె అరుపు ఊరి చివరిదాకా వినపడింది. మూడో రోజుకు వాచింది. తోలు పగిలింది. ఈగలు వాలాయి. పురుగులు పడ్డాయి. పసుపు, వేపాకు పెట్టారు. పదిహేనో రోజున కోడె పోయింది. ముసలాయన ఆ రోజు అన్నం తినలేదు. అప్పటి నుంచి విత్తులు కొట్టడం అనే మాట వింటేనే ఆయనకు గుబులు.

రాయితో కొట్టడం పాత పద్ధతి. అది ఘోరమైన పద్ధతి. పశువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1960లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం పశువుకు విత్తులు తీయించడం నేరం కాదు. కాని నిర్ణయించిన పద్ధతిలోనే తీయించాలి. అక్కర లేని నొప్పి పెట్టడం మాత్రం నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొట్టుడు పద్ధతిలో పశువు పోతే నష్టం ఎవరికి? కొట్టినవాడు కూలి తీసుకుని పక్క ఊరికి పోతాడు.

మర్నాడు భార్యాభర్తలు కోడెను పశువుల ఆస్పత్రికి తోలుకుపోయారు. ముసలాయన కూడా కర్ర పట్టుకుని వెంట నడిచాడు.

డాక్టరు కోడె చుట్టూ తిరిగి చూశాడు. నోరు చూశాడు. మూపురం మీద చెయ్యి వేశాడు. వెనక్కి పోయి విత్తుల్ని తడిమాడు. అప్పుడు అడిగాడు.

‘‘పెద్దాయనా! ఈ కోడె తల్లి పూటకు ఎన్ని పాలిస్తుంది?’’

ముసలాయనకు ఆశ్చర్యం వేసింది. విత్తులు కొట్టడానికీ తల్లి పాలకూ సంబంధం ఏమిటి?

సంబంధం ఉంది. మొదట తేల్చుకోవలసింది వయసు కాదు. ఈ కోడెను ఆబోతుగా ఉంచాలా, ఎద్దును చెయ్యాలా అన్నది మొదట తేల్చుకోవాలి. ఒకసారి విత్తులు నొక్కితే మళ్ళీ వెనక్కి తేలేరు. తల్లి బాగా పాలిచ్చేదై, తండ్రి పేరున్న ఆబోతై, దూడకు ఏ లోపమూ లేకుండా ఉంటే అలాంటి కోడెను ఆబోతుగా పెంచడం ఊరికే లాభం. ఒంగోలు జాతి అంటే మాటలా! ఇక్కడి నుంచి ఓడల మీద బ్రెజిల్ దేశం పోయిన పశువుల సంతానమే ఈనాడు ఆ దేశంలో నెల్లూరు జాతి పేరుతో మందలు మందలుగా ఉంది. పుట్టినింట్లో మాత్రం మంచి ఆబోతు కోసం వెతుక్కునే పరిస్థితి వచ్చింది. ఈ జాతిని కాపాడటానికే గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు పశువుల్ని పెంచుతున్నారు. వెనకటి రోజుల్లో చనిపోయిన పెద్దల పేరు మీద కోడెకు అచ్చు వేసి ఊరి మీద వదిలేవారు. అచ్చోసిన ఆంబోతు అనే తిట్టు దాని నుంచి వచ్చిందే. తిట్టు సంగతి ఎలా ఉన్నా, మంచి కోడెను ఎంచి వదిలినన్నాళ్ళు ఊరి ఆవులకు మంచి దూడలు పుట్టాయి. ఏదో ఒకటి వదిలితే సరిపోతుంది అనుకున్నాకే జాతి చెడింది.

ఇంతకూ ఆ ఆవు పాలు తక్కువే. దూడకు చాలి, ఇంటికి ఒక చెంబెడు మిగిలేవి. అదీగాక ఆబోతును మేపడం అందరి వల్లా కాదు. దానికి దాణా కావాలి, గట్టి కొట్టం కావాలి, పట్టే మనిషి కావాలి. ఆ ఇంటికి కావలసింది కాడి మోసే ఎద్దు. కాబట్టి ఎద్దును చెయ్యడమే తేలింది. ఇక మిగిలింది ఎప్పుడు అన్నదే.

‘‘డాక్టరు గారూ, ఇప్పుడే నొక్కెయ్యండి. మా పక్కాయనతో పడలేకపోతున్నా’’ అన్నాడు రైతు.

‘‘ఇప్పుడు నొక్కితే ఏమవుతుందో తెలుసా?’’ అని డాక్టరు కోడె మెడ చూపించాడు.

విత్తులు చేసే పని రెండు రకాలు. ఒకటి బీజం తయారు చెయ్యడం. రెండోది మగతనం ఇచ్చే రసాన్ని రక్తంలోకి వదలడం. మూపురం ఎత్తుగా లేచేది ఆ రసం వల్లే. మెడ బలిసేది, రొమ్ము విచ్చుకునేది, కండ గట్టిపడేది దాని వల్లే. పాలపళ్ళ మీదే విత్తులు నొక్కితే ఆ రసం ఆగిపోతుంది. మెడ సన్నంగా ఉండిపోతుంది. మూపురం చిన్నదవుతుంది. కాళ్ళు మాత్రం పొడుగు సాగుతాయి. ఎముకల చివర పెరుగుదల ఆగవలసిన వేళకు ఆగదు కాబట్టి అలా సాగుతాయి. చూడటానికి ఎత్తైన ఎద్దే. కాడి ఆనడానికి మెడ ఉండదు. బరువు లాగేటప్పుడు సత్తువ ఉండదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. చాలా చిన్నప్పుడే విత్తులు తీస్తే మూత్రం పోయే దారి సన్నగా ఉండిపోతుంది. తరవాత ఎప్పుడైనా మూత్రంలో రాయి తయారైతే ఆ సన్నటి దారిలో ఇరుక్కుంటుంది. పశువు మూత్రం పోయలేక ముక్కుతుంది, కాళ్ళు మారుస్తుంది, పొట్ట తన్నుకుంటుంది. ఆలస్యం చేస్తే మూత్రపు సంచి పగిలి చస్తుంది. ఎద్దుల్లోనే కాదు, పొట్టేళ్ళలో, మేకపోతుల్లో కూడా ఇది జరుగుతుంది. మూత్రం బొట్లు బొట్లుగా పడుతుంటే ఆ పూటే ఆస్పత్రికి పోవాలి. తోలుకుపోవడానికి వీల్లేకపోతే 1962 నంబరుకు ఫోను చెయ్యాలి. ఆంధ్రప్రదేశ్ లోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనానికి అదే నంబరు.

‘‘అట్టయితే తాత చెప్పినట్టు నాలుగు పళ్ళ దాకా ఆగమంటారా?’’ అంది భార్య.

అంతదాకా ఆగినా చిక్కే. మూడేళ్ళు దాటిన కోడె విత్తులు పెద్దవి. తాడు లావు. నొప్పి ఎక్కువ, వాపు ఎక్కువ, తగ్గడానికి రోజులెక్కువ. పడవేయడానికి ఎక్కువ మంది మనుషులు కావాలి. ఈలోపు అది ఎన్ని కొమ్ముపోట్లు పొడుస్తుందో, ఎన్ని పెయ్యల మీదికి పోతుందో! పైగా అప్పటికే అలవాటు పడిన కోడె విత్తులు పోయాక కూడా కొన్నాళ్ళు ఎక్కే బుద్ధి మానుకోదు. కాడికి మరపడం కూడా ఆలస్యమవుతుంది. నాలుగు పళ్ళ దాకా ఆగాలి అన్న పెద్దల మాటలో నిజం లేకపోలేదు. బండ లాగే ఎడ్లకు, బరువైన బండి ఎడ్లకు కొందరు అలాగే ఆగుతారు. ఆ కోడెల్ని కట్టేసి మేపే దారి వాళ్ళకు ఉంటుంది. నాలుగెకరాల రైతుకు ఆ దారి లేదు.

అందుకని సేద్యపు ఎద్దుకు రెండేళ్ళకూ మూడేళ్ళకూ మధ్య మంచి అదను. రెండు పళ్ళు వచ్చాక, మూపురం లేచాక, మెడ కాస్త కుదిరాక చేయించాలి. వయసు ఒక్కటే చూడకూడదు, ఒళ్ళు కూడా చూడాలి. బక్కచిక్కిన కోడెకు రెండేళ్ళు నిండినా ఆగాలి. ముందు పాముల మందు పట్టించి, మేత పెట్టి, కండ పట్టించాలి.

ఈ లెక్క సేద్యపు ఎద్దుదే. కాడికి పనికిరాని కోడెకూ, మాంసానికి పెంచే జీవాలకూ లెక్క వేరు. అక్కడ మెడ బలియాల్సిన పని లేదు. చిన్నప్పుడు చేస్తే నొప్పి తక్కువ, త్వరగా మానుతుంది. మేకపోతు పిల్లలకు, పొట్టేలు పిల్లలకు రెండు మూడు నెలల్లోనే చేయించేవారు చాలామంది. మేకపోతుకు చేయిస్తే ఆ కంపు ఉండదు, మాంసానికి గిరాకీ ఉంటుంది. మూత్రపు రాళ్ళ భయం ఉంది కాబట్టి వాటికి నీళ్ళు బాగా తాగించాలి, దాణా అతిగా పెట్టకూడదు. జట్కా గుర్రపు పిల్లకైతే పద్ధతే వేరు. దానికి పటకారుతో నొక్కరు. డాక్టరు మత్తు ఇచ్చి కోసి తీస్తాడు. ఏ జీవం లెక్క దానిదే. కోడె లెక్క గుర్రానికి కట్టకూడదు, గుర్రం లెక్క మేకకు కట్టకూడదు.

ఇంకా పది నెలలకు పైగా ఆగాలి. అంతదాకా పక్కాయన సంగతి? అసలు చిక్కు అక్కడే ఉంది. డాక్టరు ఒక్కటే చెప్పాడు, కోడె పొగరుకు మందు విత్తులు కొట్టడం కాదు, గట్టి పలుపు అన్నాడు. ఆ మాట రైతుకు గుచ్చుకుంది. పలుపు పాతది అయి మూడు చోట్ల ముడులు వేసి ఉంది మరి. ఇంటికి వచ్చి కొత్త పలుపు పేనాడు. కొన్నాళ్ళకు కోడెకు ముక్కు కుట్టించి ముకుతాడు వేశాడు. గుంజను లోతుగా పాతాడు. ఆవుల మధ్య కాకుండా పాత ఎద్దు పక్కన కట్టాడు. మేతకు విడవకుండా చొప్ప కోసి తెచ్చి వేశారు. ఈ పని ఎక్కువగా ఆడమనిషి మీదే పడింది. పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు. ఆమె ఒకటి రెండుసార్లు విసుక్కుంది కూడా. ‘‘ఎద్దు కావాల్సింది నీకు, మోపు మోసేది నేను’’ అంది. రైతు మారు పలకలేదు. మర్నాటి నుంచి సాయంత్రం మోపు అతనే తెచ్చాడు. పక్కాయన పెయ్యను కూడా డాక్టరుకు చూపించారు. దానికి చూలు నిలవలేదు. పోట్లాట అక్కడితో చల్లబడింది. తొక్కిన శనగకు మాత్రం ఒక బస్తా ఇచ్చుకోవలసి వచ్చింది.

కార్తీకం వచ్చింది. కోడెకు రెండేళ్ళు నిండాయి. ఇంకొక నెలకు నడిమి పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు తొంగి చూశాయి. మూపురం పిడికిలి దాటి లేచింది.

కాలం కూడా కలిసి వచ్చింది. చలికాలం ఈ పనికి మంచిది. వానాకాలంలో ఈగలు, బురద, తేమ. ఎండాకాలంలో పశువు డస్సిపోతుంది, మేత ఉండదు. ఊళ్ళో గాలికుంటు జబ్బు తిరుగుతున్నా, పశువుకు జ్వరం ఉన్నా చేయించకూడదు. పడవేయాల్సిన పశువుకు ముందు రోజు రాత్రి నుంచి మేత ఆపాలి. నిండు కడుపుతో పడవేస్తే పొట్ట ఉబ్బి ఊపిరాడదు.

ఆ ఉదయం ఆస్పత్రి ముందు మెత్తటి ఇసుకలో కోడెను పడవేశారు. తాడు చుట్టి లాగితే నెమ్మదిగా కూలబడింది. కొట్టలేదు, తొయ్యలేదు. డాక్టరు మొదట విత్తుల్ని మళ్ళీ తడిమి చూశాడు. రెండూ సంచిలోకి దిగాయా అని చూడాలి. ఒక్కోసారి ఒకటి పొట్టలోనే ఉండిపోతుంది. ఒక్కోసారి పేగు సంచిలోకి జారి ఉంటుంది. అది తెలియక నొక్కితే పేగు నలిగి పశువు చస్తుంది. ఊరూరా తిరిగే మనిషి చేత చేయించడంలో ఉన్న ప్రమాదాల్లో ఇదొకటి. తరవాత మొద్దుబారే సూది వేశాడు. మందు పట్టడానికి కొంచెంసేపు ఆగాడు.

అప్పుడు పటకారు తీశాడు. దాన్ని బర్డిజో పటకారు అంటారు. ఇటలీ దేశపు పశువైద్యుడు ఒకాయన కనిపెట్టాడు. ఆయన పేరే దానికి వచ్చింది. పెద్ద ఇనుప పటకారు అది. మూతి మొద్దుగా ఉంటుంది. తోలు తెగదు, రక్తం రాదు. విత్తుకు రక్తం తెచ్చే తాడు ఒకటి పైనుంచి దిగుతుంది. ఆ తాడును ఒక పక్కకు జరిపి పటకారు మూతిలో పెట్టి నొక్కుతారు. పది సెకన్లకు తగ్గకుండా అలాగే పట్టి ఉంచుతారు. లోపల తాడు నలుగుతుంది, పైన తోలు నిలుస్తుంది. కొద్దిగా కింద రెండోసారి నొక్కుతారు. రెండో తాడు కూడా ఇలాగే, కాని మొదటి దానికి సరిగ్గా ఎదురుగా కాదు, కాస్త పైకో కిందికో. రెండు నొక్కులూ ఒకే గీతలో కలిస్తే సంచికి అడ్డంగా రక్తం అందక తోలు కుళ్ళిపోతుంది. నడిమి తోలు వదిలేయాలి.

రైతు ముకుతాడు పట్టుకున్నాడు. ముసలాయన అటు తిరిగి నిలబడ్డాడు. కోడె ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ పాత అరుపు వినపడలేదు. ‘‘అయిపోయింది పెద్దాయనా, ఇటు తిరుగు’’ అని డాక్టరు పిలిచేదాకా ఆయన తిరగలేదు.

ధనుర్వాతం రాకుండా సూది వేశారు. నొప్పికి మెలాక్సికామ్ అనే మందు ఇచ్చారు. ఇక్కడ ఒక మాట. పశువుల నొప్పికి వెనక డైక్లోఫెనాక్ వాడేవారు. ఆ మందు పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు చచ్చిపోయాయి. అందుకని 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. మందుల షాపులో మనుషుల కోసం అమ్మే బుడ్డి తెచ్చి పశువుకు వేయమని ఎవరైనా చెబితే వినకూడదు.

రెండు మూడు రోజులు వాపు ఉంది. కోడె కాళ్ళు ఎడంగా పెట్టి నడిచింది. డాక్టరు చెప్పినట్లు పొడి నేల మీద కట్టారు, రోజూ నెమ్మదిగా కాసేపు నడిపించారు. వాపు మీద పసరు పొయ్యలేదు, వాత పెట్టలేదు. తోలు నల్లబడినా, చీము కారినా, మేత మానేసినా ఆస్పత్రికి తేవాలని చెప్పి పంపారు. అలాంటిదేమీ జరగలేదు. రెండు వారాలకు వాపు దిగింది.

కాని ఇంకో జాగ్రత్త ఉంది. విత్తులు నొక్కిన రోజే కోడె ఎద్దు అయిపోదు. లోపల అప్పటికే తయారైన బీజం కొన్ని వారాలు ఉంటుంది. ఈలోగా ఆవుల్లోకి వదిలితే చూలు కట్టవచ్చు. ఆరు వారాల దాకా విడిగా కట్టాలి. ఆ తరవాత మళ్ళీ డాక్టరుకు చూపించాలి. ఈ రెండోసారి చూపించడం చాలామంది చెయ్యరు. వాపు దిగిందిగా, ఇంకెందుకు అనుకుంటారు. పని ఒక పక్క మిగిలిపోయేది ఇక్కడే.

భార్య పుస్తకంలో నొక్కిన తేదీ రాసి, ఆరు వారాలు లెక్కపెట్టి రెండో తేదీ కూడా రాసింది. ఆ రోజుకు రైతు మిరప కోతల్లో ఉన్నాడు. ‘‘వచ్చేవారం పోదాంలే’’ అన్నాడు. ఆమె వినలేదు. మామను వెంటబెట్టుకుని తనే తోలుకుపోయింది.

డాక్టరు తడిమి చూశాడు. కుడి విత్తు కుంచించుకుపోయి చింతగింజలా గట్టిపడింది. ఎడమది ఇంకా మెత్తగా, నిండుగానే ఉంది. ఆ వైపు తాడు పటకారు మూతిలో పూర్తిగా పడలేదన్నమాట. అలా జరగడం ఉంది, ఎంత చెయ్యి తిరిగిన వాళ్ళకైనా.

‘‘మంచి పని చేశావమ్మా తీసుకొచ్చి. ఇలాగే వదిలేస్తే ఇది సగం ఎద్దు, సగం ఆబోతు. ఆవుల్ని వదిలేది కాదు’’ అన్నాడు డాక్టరు.

ఎడమ వైపు మళ్ళీ నొక్కారు. ఈసారి ముసలాయనే ముకుతాడు పట్టుకున్నాడు.

చైత్రంలో కాడికి మరపడం మొదలుపెట్టారు. మొదట ఉత్త కాడి మెడ మీద పెట్టి, పాత ఎద్దుకు జోడు కట్టి పొద్దున్నే రోడ్డు వెంట నడిపించారు. తరవాత ఒక దుంగ కట్టి లాగించారు. గుంటక కట్టడానికి తొలకరి దాకా ఆగారు. నిండా మూడేళ్ళు రానిదే బరువు బండికి కట్టేది లేదని ముసలాయన ఆంక్ష పెట్టాడు. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

పక్కాయన ఒక పొద్దున దారిలో ఆగి చూశాడు. ‘‘జోడు కుదిరిందే! మా శనగ తొక్కింది ఇదేనా?’’ అన్నాడు.

‘‘ఇదే అన్నా’’ అన్నాడు రైతు. ‘‘ఆషాఢంలో నీకు గుంటక కావాలంటే చెప్పు.’’